అర ఎకరం పులికంప: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 29

మా చేను కొండవాలులో ఉంది, మదనపల్లెకూ హార్సిలీ కొండకూ మధ్య. కింది రెండు కయ్యల్లో టమోటా, చెనిక్కాయ పండిస్తాం. పైనున్న అర ఎకరంలోకి పన్నెండేళ్ళుగా మనిషి పోలేదు. మా అబ్బ ఉన్న రోజుల్లో అది ఉలవలు చల్లే చేను. ఆయన పోయాక మూడేళ్ళు బీడు పడింది. అంతే, గట్టు మీదుండే పులికంప, అదే లాంటానా ముళ్ళపొద, లోపలికి దిగింది.

ఈ రోజు టేపు పట్టుకుని పోయాను. లోపలికి దారి లేదు, చుట్టూ తిరిగి కొలిచాను. ఎక్కడ చూసినా నా తలకు పైన రెండడుగులు ఉంది. నడిమధ్యలో ఒక కానుగ చెట్టు ఉండాలి. దాని కొసకొమ్మలు మాత్రం కనబడ్డాయి, వాటి మీదికీ కంప ఎగబాకింది.

రెండేళ్ళ కిందట మార్చిలో దీనికి నిప్పు పెట్టించాం. ఒక్క పూటలో నల్లగా మాడిపోయింది. తొలి వాన పడిన పది రోజులకు ప్రతి మోటు నుంచీ గుత్తులుగా ఇగుర్లు వచ్చాయి. కాలకముందు ఒక్క కొమ్మ ఉన్న చోట ఆరేడు లేచాయి. నిప్పు పెట్టమన్నది నేనే. ఇంక ఆ పని చెయ్యను.

ఈసారి నిప్పు లేదు, మందు కొట్టేది లేదు. మొదలు ఎక్కడుందో చూసుకుని అక్కడే నరకాలి. పగలు చేను పని, రాత్రి దీని చరిత్ర చదవడం. బళ్ళో పిల్లలకు ఇన్నేళ్ళు జీవశాస్త్రం చెప్పాను, ఈ మొక్కను మాత్రం 'కలుపు' అని ఒక్క మాటతో దాటేశాను. ఒకప్పుడు దొరల తోటల్లో ముద్దుగా పెంచుకున్న పూల మొక్క మా ఉలవచేను ఎట్లా మింగిందో తెలుసుకోవాలి.

జులై 2

మా ఊళ్ళో దీని పేరు పులికంప. లంటానా కంప అనేవాళ్ళూ ఉన్నారు. ఒకే గుత్తిలో పసుపూ ఎరుపూ కలిసి ఉంటాయి కాబట్టి తలంబ్రాల చెట్టు అని ఇంకో పేరు. శాస్త్రీయ నామం లాంటానా కమారా, 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ పెట్టాడు. లాంటానా అనేది యూరప్‌లో పెరిగే వైబర్నమ్ అనే వేరే పొదకు ఉన్న పాత పేరు. చూడ్డానికి అట్లానే ఉందని దీనికీ తగిలించాడు. కమారా అన్నది దక్షిణ అమెరికా జనం దీన్ని పిలుచుకున్న పేరు.

పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణ ప్రాంతం. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళ చేతుల మీదుగా బ్రెజిల్ నుంచి నెదర్లాండ్స్ చేరింది. అక్కడి చలికి బయట బతకదు కాబట్టి అద్దాల ఇళ్ళలో వెచ్చగా పెట్టి పెంచారు. తోటమాలులు ఒక రకానికీ ఇంకో రకానికీ సంకరం చేశారు. ఏడాది పొడుగునా పూసేది, గుత్తిలో ఎక్కువ రంగులు చూపేది, కొమ్మ గుచ్చితే చాలు వేరు పట్టేది, ఇట్లా ఏది మెచ్చితే దాన్ని నిలబెట్టుకుంటూ పోయారు. అట్లా వందల రకాలు తయారయ్యాయి.

ఇది చదివాక పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా చేలో ఉన్నది అచ్చంగా అమెరికా అడవిలో మొలిచిన మొక్క కాదన్న మాట. యూరప్ తోటల్లో మనిషి ఏరి, కలిపి, మళ్ళీ ఏరిన సంకరాల సంతానం ఇది. ఎక్కడా అచ్చంగా ఇట్లాంటి మొక్క అడవిలో ఉండేది కాదు.

జులై 8

పని మొదలు. రాత్రి మంచి పదును పడింది, నేల మెత్తగా ఉంది. నాతో మామ వచ్చాడు. ఊరి వరసకు మామ, అరవై దాటినా గడ్డపార పడితే ఇద్దరి పెట్టు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మచ్చుకత్తులతో పై కొమ్మలు కోసి దారి చేశారు.

"మే పాపా, కాలిస్తేనే పోలేదు, ఇప్పుడు పారతో పోతాదా?" అన్నాడు మామ.

నేను చదివిన పద్ధతి చెప్పాను. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో చేసి చూపించిన పని అది. పొదను నేల మట్టానికి నరికితే లాభం లేదు. నేలకు 5 సెంటీమీటర్ల లోపల, కాండం పోయి వేరు మొదలయ్యే చోటికి కింద నరకాలి. ఒకరు పొదను పట్టుకుని పక్కకు లాగాలి, ఇంకొకరు వేరు మీద మూడు నాలుగు దెబ్బలు వెయ్యాలి. ఊడొచ్చిన పొదను అక్కడే తలకిందులుగా, వేర్లు ఆకాశానికి పెట్టి వదిలెయ్యాలి. వేరుకు మట్టి తగలకపోతే ఎండి చస్తుంది.

మొదటి మోటు దగ్గర నేను చేత్తో మట్టి తీసి చూశాను. పైన ముదురు కాండం నా మణికట్టు లావు, బెరడు బూడిద రంగులో పగిలి ఉంది. మట్టి కింద రెండు వేళ్ళ లోతున అది ఉబ్బి గడ్డలాగా ఉంది. ఆ ఉబ్బు చుట్టూ చిన్న చిన్న బొడిపెలు, కొన్నిటికి అప్పుడే లేత ఎరుపు మొన వచ్చింది. ఇగుర్లు పుట్టేది ఇక్కడే. రెండేళ్ళ కిందట మేం పెట్టిన నిప్పు వేడి ఇంత లోతుకు దిగనే లేదు. దాని కింద నిటారుగా దిగిన తల్లివేరు నున్నగా, బొడిపెలు లేకుండా ఉంది. ఉబ్బుకూ నున్నదనానికీ మధ్య గీతలాగా తెలుస్తుంది. దెబ్బ పడాల్సింది ఆ గీతకు కింద.

మామ వంగి చూశాడు, వేలు పెట్టి తడిమాడు. "ఓహో, దీని పానం ఈడుందా" అన్నాడు. ఆ తర్వాత ఇంక నేను చెప్పాల్సిన పని పడలేదు. ఒక్క దెబ్బ కూడా గీతకు పైన పడలేదు.

ఈ రోజు లెక్క 31 మోట్లు. నా చేతుల మీద గీరుకున్న గాట్లు లెక్క పెట్టలేదు. కొమ్మ నలుపలకలుగా ఉంటుంది, పలక అంచున ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి. చెయ్యి లోపలికి పోయేటప్పుడు ఏమీ తెలియదు, వెనక్కి తీసేటప్పుడే పడతాయి.

జులై 15

ఇండియాకు ఎట్లా వచ్చిందో చదువుతున్నాను. 1807–1809 ప్రాంతంలో కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ తోటకు తెచ్చారు. హుగ్లీ నదికి అవతలి ఒడ్డున, శిబ్‌పూర్‌లో ఉన్న తోట. కర్నల్ రాబర్ట్ కిడ్ 1787లో మొదలుపెట్టాడు. ఇప్పుడు దానికి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు ఉంది. లాంటానా వచ్చేనాటికి ఆ తోట అధికారి విలియం రాక్స్‌బర్గ్.

ఈ పేరు చూడగానే లేచి కూర్చున్నాను. రాక్స్‌బర్గ్ అంటే సామర్లకోట! 1781 నుంచి 1793 దాకా ఆయన ఉన్నది మన గోదావరి సీమలోనే, కంపెనీ వైద్యుడుగా. సామర్లకోటలో తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చిన చెక్క, నీలి, పట్టుపురుగుల కోసం మల్బరీ, ఇట్లా ఒక్కొక్కటీ పండించి చూశాడు. రాజమండ్రి కొండల్లో అడవి మిరియం తీగలున్నాయని కంపెనీకి రాసింది ఆయనే. మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిలో ఏరిన 300 బొమ్మలు కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కలకు మన వాళ్ళు చెప్పిన తెలుగు పేర్లను శ్రద్ధగా రాసుకున్న మనిషి. ఆయన రాతల్లో ఆ పేర్లు చూస్తుంటే నాకు ఆయన మీద గౌరవం కలిగింది, ఇప్పటికీ ఉంది.

1793లో కలకత్తా పోయేసరికి అక్కడి తోటలో దాదాపు 300 జాతులుంటే, 1813లో ఆయన వెళ్ళిపోయేనాటికి 3,500. ఆ జాబితాను మిషనరీ విలియం కేరీ 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించాడు. ఇరవై ఏళ్ళలో పదింతలు! దీన్ని ఎవరూ తప్పుగా చూడలేదు. ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించడం, పెంచడం, పంచడమే ఆ తోట పని. ఎక్కువ వాటిని లాభం కోసం తెప్పించారు. కొన్నిటిని అందం కోసం తెప్పించారు, లాంటానా ఆ రెండో జట్టులోది.

ఓడ ప్రయాణం గురించి కూడా ఒక మాట. మూసిన గాజు పెట్టెల్లో మొక్కలు పంపే పద్ధతిని నథానియల్ వార్డ్ 1830లలో కనిపెట్టాడు. అంతకు ముందు ఓడ పైతట్టు మీద, ఉప్పునీటి తుంపరల్లో, మంచినీళ్ళ కరువులో నెలల తరబడి రావాలి. తెచ్చినవాటిలో సగానికి పైగా దారిలోనే చచ్చేవి. వాటిల్లో మొండివే ఒడ్డు చేరేవి.

జులై 27

వారమంతా వాన లేదు. ఎండిన నేలలో వేరు రాదు, పైన పైన తెగుతుంది. పని ఆపేశాం.

ఆగస్టు 3

బళ్ళో చదివే మా అక్క కూతురు సెలవుకు వచ్చింది. ఒక పొదను నరకకుండా దానికోసం వదిలాను. పూలు చూడ్డం మా ఇద్దరి పని. ఒక గుత్తిలో మొగ్గలతో కలిపి 28 లెక్క వచ్చింది. బయటి వరస ముందు విచ్చుకుంటుంది, లోపలివి తర్వాత. పొద్దున విచ్చిన పువ్వు పసుపు. మరుసటి రోజుకు నారింజ, ఆ తర్వాత ఎరుపు. అందుకే గుత్తి అంచున ఎరుపు, నడుమ పసుపు.

పిల్ల ఒక గుత్తికి పల్చటి గుడ్డ సంచి కట్టింది, పురుగు వాలకుండా. నాలుగో రోజు విప్పి చూస్తే లోపలి పూలు చాలా మటుకు పసుపుగానే ఉండి వాడాయి. పక్కన సంచి లేని గుత్తి ఎర్రబారింది. పరాగసంపర్కం జరిగిన పువ్వు రంగు మార్చుకుంటుందని 1984లోనే ఢిల్లీలో హెచ్.వై. మోహన్‌రామ్, గీతా మాథుర్ చూపించారు. తేనె ఉన్నది పసుపు పువ్వులో. సీతాకోకచిలుకలు ఎర్రవాటిని వదిలి పసుపువాటి మీదే వాలడం మేం కళ్ళారా చూశాం. ఎర్రబారిన పువ్వు రాలకుండా అట్లానే ఉండి గుత్తిని దూరానికి పెద్దదిగా చూపిస్తుంది.

కలకత్తా తోటలో దీన్ని మొదటిసారి చూసినవాళ్ళు మురిసిపోయి ఉంటారంటే నాకు ఆశ్చర్యం లేదు. గొడ్డలి పక్కన పెట్టుకుని కూర్చున్న నేనూ మురిసిపోయాను.

ఆగస్టు 19

మళ్ళీ వానలు. నాలుగు రోజుల్లో 140 మోట్లు. కానుగ చెట్టు దాకా దారి పడింది.

ఎదురు చూడని ఇబ్బంది ఒకటి వచ్చింది. పక్క చేను వాళ్ళ దూడకు మూతి మీద తోలు పగిలి, కళ్ళు పచ్చబడ్డాయి. నడి ఎండలో నిలబడలేక గింజుకుంటోంది. వానలు ఆగిన వారంలో మేతకు కొండకు తోలితే కంప తినిందని మామ అన్నాడు. పశువుల డాక్టరు వచ్చి చూసి అదే చెప్పాడు. ఆకులో లాంటడీన్లు అనే పదార్థాలుంటాయి. అవి కాలేయాన్ని దెబ్బ తీస్తాయి. కాలేయం పని చెయ్యకపోతే పచ్చిమేత నుంచి వచ్చే పదార్థమొకటి రక్తంలో నిలిచిపోతుంది, దానికి ఎండ తగిలితే తోలు కాలినట్టవుతుంది. నీడన కట్టేసి మందులిస్తున్నారు.

మామూలుగా పశువులు దీని జోలికి పోవు. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసనకే మూతి తిప్పుకుంటాయి. సరిగ్గా అందుకనే ఇది పూలతోట గోడ దాటి బయటికి వచ్చింది. గొడ్లు తినవు, ముళ్ళున్నాయి, గుచ్చితే బతుకుతుంది, పైగా పూస్తుంది. కంచెకు ఇంతకన్నా ఏం కావాలి? 19వ శతాబ్దంలో దక్షిణాదిలో బంగళాల చుట్టూ, తోటల చుట్టూ కంచెగా నాటారు. కంచె నుంచి అడవికి ఎంతో దూరం లేదు. 20వ శతాబ్దం మొదట్లోనే కొడగు అడవుల్లో లాంటానాను ఎట్లా ఆపాలన్నది అటవీ అధికారులకు తలనొప్పి అయింది. 1899లో గంధపు చెట్లకు స్పైక్ అనే తెగులు కనబడితే, కొన్నాళ్ళు ఆ నేరం కూడా దీని మీదే వేశారు. అది సూక్ష్మజీవి వల్ల వచ్చే తెగులని తర్వాత తేలింది. చెయ్యని తప్పు ఎవరి మీద వేసినా తప్పే, పులికంప మీద వేసినా సరే.

సెప్టెంబర్ 7

కానుగ చెట్టు కింద నిలబడ్డాను, పన్నెండేళ్ళ తర్వాత. కింద నేల నల్లగా, మెత్తగా ఉంది. ఒక చదరపు అడుగులో పులికంప మొలకలు 43. చెట్టుకు దూరంగా పోయేకొద్దీ 10, 4, 0. పిట్టలు కొమ్మ మీద కూర్చుని రెట్ట వేసినంత మేరా మొలకలే. ఒక్క పెద్ద పొద ఏడాదికి 12,000 కాయల దాకా కాస్తుంది. పచ్చగా మొదలై నల్లవంకాయ రంగుకు తిరిగి, పండితే మిలమిలా మెరుస్తాయి. బుల్‌బుల్ పిట్టలకు, గోరింకలకు అవంటే ప్రాణం.

గోరింక అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. హవాయి దీవుల్లోకి లాంటానాను 1858లో విల్హెల్మ్ హిలెబ్రాండ్ అనే డాక్టరు తెచ్చాడు, హోనొలులులో తన ఇంటి తోట కోసం. ఆ ఇల్లే ఇప్పుడు ఫోస్టర్ బొటానికల్ గార్డెన్. 1865లో ఆయనే ఆసియా నుంచి గోరింకలను తెప్పించాడు, పచ్చికను తినే పురుగులను ఏరి తింటాయని. గోరింకలు పురుగులతో పాటు లాంటానా పండ్లూ తిన్నాయి. కొండలన్నీ దాని విత్తనాలు జల్లాయి. మన పెరట్లో తిరిగే పిట్ట అంత దూరం పోయి ఆ పని చేసిందంటే మనసు అదోలా అయింది. పిట్ట తప్పు కాదు, ఆకలికి పండు తినింది.

మొలకల్ని చేత్తో పీకడం మొదలుపెట్టాం. ఇది గడ్డపార పని కాదు, నడుము పని. ఇద్దరు ఆడవాళ్ళూ పాట అందుకున్నారు, వరస సాగింది.

సెప్టెంబర్ 21

తప్పు జరిగింది. జులైలో కోసిన పచ్చి కొమ్మల్ని గట్టు పక్కన కాలువ తడిలో కుప్ప వేశాం. మోట్ల మీదే దృష్టి పెట్టాను, కొమ్మల సంగతి తలచుకోలేదు. ఈ రోజు కుప్ప ఎత్తితే కింద వరసలో కొమ్మలు నేలకు అతుక్కున్నాయి. కణుపు కణుపుకూ తెల్లటి వేర్లు. పైన చిన్న ఆకులు కూడా వేసింది. తోటమాలికి పనికొచ్చే గుణమని జులైలో నేనే రాసుకున్న గుణం ఇది. నా కుప్ప కింద అది తన పని చేసింది.

అన్నీ పీకి బండ మీద పరిచాం. ఇక నుంచి కోసిన కొమ్మ ఏదైనా రాతి మీదికే.

అక్టోబర్ 5

నరకకుండా వదిలిన ఆ ఒక్క పొదకు ఆకులు పాలిపోయాయి. పైన తెల్లటి చుక్కలు, ఆకు తిప్పితే అడుగున నల్లటి మచ్చలు, వాటి మధ్య చిన్న పురుగులు. భూతద్దంలో చూస్తే రెక్కలు లేసు అల్లినట్టు గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. లేసు నల్లి, టెలియోనీమియా.

దీని కథ చదివి చాలా రోజులైంది, పురుగును ఇప్పుడు చూశాను. హవాయిలో లాంటానా పచ్చిక బయళ్ళను ఆక్రమిస్తే, 1902లో ఆల్బర్ట్ కోబెల్ అనే కీటక శాస్త్రవేత్తను మెక్సికో పంపారు, దాన్ని తినే పురుగులను వెతకమని. ఆయన 23 రకాలు పంపాడు. కలుపు మీదికి పురుగును ఉసిగొల్పడానికి పని గట్టుకుని వెతికి తెచ్చిన మొదటి ప్రయత్నంగా దీన్ని చెబుతారు. అనుకోకుండా జరిగింది మాత్రం అంతకు వందేళ్ళ ముందే, మన దేశంలో. ఎర్రరంగునిచ్చే కోచినీల్ పురుగు మీద కంపెనీకి ఆశ ఉండేది. మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఆ పురుగుకు మేతగా నాగజెముడు తోటే వేశాడు. 1795లో బ్రెజిల్ నుంచి తెచ్చిన పురుగు తీరా చూస్తే అసలుది కాదు, దాని చుట్టం. రంగు నాసిరకం. కానీ అది జెముడును మోడు చేసి పారేసింది. తర్వాతి రోజుల్లో జెముడు పెరిగిన చోటికి ఆ పురుగును కావాలనే తీసుకుపోయారు.

లేసు నల్లిని 1941లో ఆస్ట్రేలియా నుంచి డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థకు తెప్పించారు. గదిలో పెట్టి పరీక్షిస్తే టేకు పూలను కూడా తినింది. టేకుకు ముప్పని 1943లో ఆ పురుగులన్నిటినీ చంపేశారు. 1951లో చూస్తే బయట లాంటానా మీద ఉంది. ఎప్పుడో తప్పించుకుంది. ఇప్పుడు మా చేలో ఉంది. పొద ఆకు రాలుస్తుంది, మళ్ళీ వాన పడితే చిగురిస్తుంది. పురుగు దాన్ని పీడిస్తుందే గాని చంపదు. అద్దాల ఇళ్ళలో ఇన్ని రకాలుగా కలిసిపోయిన మొక్కకు ఒక రకం పురుగు చాలకపోవడం ఒక కారణమని శాస్త్రవేత్తలు అంటారు. ఒక రకాన్ని ఇష్టపడిన పురుగు ఇంకో రంగు పూల రకాన్ని ముట్టదు.

అక్టోబర్ 26

అర ఎకరం ఖాళీ అయింది. మొత్తం 612 మోట్లు. తలకిందులుగా పెట్టినవన్నీ ఎండి బూడిద రంగుకు తిరిగాయి. నాలుగు మాత్రం ఇగుర్చాయి. తవ్వి చూస్తే నాలుగింటిలోనూ ఉబ్బు నేలలోనే ఉండిపోయింది, మేం లేని రోజు కొత్తగా వచ్చిన కుర్రాడు నరికినవి. వాడికి గీత చూపించాను.

2020లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో లాంటానా ఉన్న మేర 1.54 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం 1.63 లక్షలు. మా అర ఎకరాన్ని ఆ లెక్కలో పెట్టి చూసుకునే ధైర్యం నాకు లేదు. కానీ కానుగ చెట్టు మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది, కింది కొమ్మలకు చిగురు వచ్చింది.

మామ అడిగాడు: "పైదేశం చెట్టని తీసేస్తా ఉండావు గదా, మల్ల టమోటా ఏ దేశందో?" సరైన ప్రశ్న. టమోటా, చెనిక్కాయ, మిరప, సీతాఫలం అన్నీ ఆ అమెరికా ఖండం నుంచే వచ్చాయి. నేను చెప్పిన జవాబు ఇది. టమోటా మనం నారు పోస్తేనే వస్తుంది, నీళ్ళు కట్టకపోతే పోతుంది. దానికి మన చెయ్యి కావాలి. పులికంపకు మన చెయ్యి ఒక్కసారే కావాల్సి వచ్చింది, ఓడ దించడానికి. మామ కాసేపు ఆలోచించి "ఆ" అన్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు.

నవంబర్ 14

ఖాళీ నేలను ఖాళీగా వదిలితే మళ్ళీ అదే మొలుస్తుంది. నేలకు నీడ పడాలి. కార్బెట్‌లో కూడా మొదట గడ్డి వేశారు. మేం వాలు మీద బోదగడ్డి మొదళ్ళు నాటాం, మధ్యలో నేరేడు, ఉసిరి, వెలగ. గట్టు మీద కంచెగా వాక్కాయ. ముళ్ళు దీనికీ ఉన్నాయి, పూలు తెల్లగా మల్లెల్లా ఉంటాయి, కాయ పచ్చడికి వస్తుంది. నూట యాభై ఏళ్ళ కిందట బంగళా కంచెకు ఎవరైనా దీన్ని ఎంచుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఎండిన కంప కుప్ప బండ మీద ఇంత ఎత్తు ఉంది. కొమ్మ ఉడకబెట్టి తోలు తీస్తే లోపల పచ్చటి చెక్క, వంచితే వంగుతుంది. కర్ణాటకలో మలెమహదేశ్వర కొండల సోలిగ గిరిజనులు దీంతో కుర్చీలు, బల్లలు చేస్తున్నారు. నీలగిరుల్లో గూడలూరు ఆదివాసీ కళాకారులు నిలువెత్తు ఏనుగులే అల్లారు. ఆ ఏనుగుల మంద 2021లో లండన్ పార్కుల్లో నిలబడింది. లాంటానా రకాలను పెంచి పంచిన తోటలున్న దేశానికి, మన అడవిలో దాన్ని నరికిన చేతులు దాన్నే ఏనుగుగా చేసి పంపాయి. ఆ ఫోటో చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా కుప్పలో తిన్నటి కొమ్మలు ఏరి మామ రెండు గంపలు అల్లాడు. ముళ్ళు చెక్కడానికే ఒక పూట పట్టింది. మొదటి గంప అడుగు ఒక పక్కకు ఒరిగింది. రెండోది కుదిరింది, టమోటాలు ఇరవై కిలోలు పోసినా కదల్లేదు.

డిసెంబర్ 9

నేరేడు మొక్కల కోసం ఒక నర్సరీకి పోతే, ముందు వరసలో కుండీల్లో లాంటానా. పసుపుది, తెల్లది, ఊదాది. కుండీ ముందు ఇద్దరు ముచ్చటపడుతూ నిలబడ్డారు. నర్సరీ ఆయనతో పక్కకు పోయి మాట్లాడాను. "ఇవి కాయలు కాయవు మేడమ్, ఇవి వేరే" అన్నాడు. కొన్ని రకాలకు కాయ రాదు, నిజమే. కానీ ఒక కుండీలో ఆకుల చాటున పచ్చటి కాయల గుత్తి కనబడింది. ఆయనకు చూపించాను. కాయ రాని రకం పుప్పొడి కూడా బయటి పొదల మీదికి పోగలదని చెప్పాను. ఆయన కాయ తుంచి అరచేతిలో పెట్టుకుని చూశాడు. కొనే గిరాకీ ఉన్నంత కాలం ఆపలేను అన్నాడు, ఆ మాట దాచకుండా చెప్పాడు. వాక్కాయ నారు అడిగితే "ఎవరూ అడగరు, మీరు తీసుకుంటానంటే వేస్తా" అన్నాడు. నలభై మొక్కలకు డబ్బు కట్టి వచ్చాను. ఇంకో ఇద్దరితో కూడా అడిగించాలి.

జనవరి 18

దూడ కోలుకుంది, మూతి మీద కొత్త తోలు వచ్చింది.

పదిహేను రోజులకొకసారి మొలకలు పీకుతున్నాం. కానుగ కింద చదరపు అడుగుకు మొదట 43, నవంబర్‌లో 19, ఈ రోజు 6. వాన పడితే మళ్ళీ పెరుగుతుంది, మట్టిలో విత్తనం ఇంకా ఉంది. బోదగడ్డి మోకాలి ఎత్తుకు వచ్చింది. నేరేళ్ళలో మూడు పోయాయి, తిరిగి పెట్టాలి. అక్క కూతురు కోసం వదిలిన ఆ ఒక్క పొద ఇంకా ఉంది. దానికి కాయలు పండక ముందే, ఈ ఆదివారం, పిల్ల వచ్చాక ఇద్దరం కలిసి తవ్వుతాం. గీత ఎక్కడుందో దాన్నే చూసి చెప్పమంటాను.